గీత గియ్యని శనివారం

బరంపురంలో చేత్తో రాసిన దుకాణాల బోర్డులు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే, కింద కుడి మూల చూడండి. చిన్న అక్షరాల్లో 'వైకుంఠ్' అని ఉంటుంది. మందుల షాపైనా, ఇత్తడి సామాన్ల కొట్టైనా, పళ్ళ డాక్టరైనా ఒకటే లెక్క. ఒడియా గుండ్రంగా, ఇంగ్లీషు నిటారుగా, తెలుగు తలకట్టు తీరుగా, మూడూ ఒకే బోర్డు మీద పోట్లాడుకోకుండా సర్దుకుని ఉంటాయి. అలా సర్దడం వైకుంఠరావుకి తెలిసినట్టు ఊళ్ళో మరొకరికి తెలియదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, ఆయనే అంటాడు. అయినా అబద్ధం కాదు.

వాళ్ళ నాన్న టెక్కలి దగ్గర పల్లె నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కొడుకుని కూడా రైల్లో ఎక్కించాలని చూశాడుగానీ, కొడుకు రంగు డబ్బా వదల్లేదు. నలభై ఏళ్ళు నిచ్చెన మీదే గడిచిపోయాయి. చేతికింద నలుగురు పనిచేసేవాళ్ళు. పని పద్ధతి ఒకటే. వైకుంఠరావు సుద్దముక్కతో గీత గీసేవాడు, కిందివాళ్ళు రంగు నింపేవాళ్ళు. గీత ఆయనది, రంగు వాళ్ళది. గీత దాటి చుక్క రంగు బయటికి పోయిందా, ఆ పూట వాళ్ళ పని అయిపోయినట్టే, ఆయన నోరు ఆగదు. వంకర అక్షరం చూస్తే ఓర్చుకోలేడు. రోడ్డు మీద వెళ్తూ వెళ్తూ ఆగి, ముక్కూమొహం తెలియని కొట్టువాడితో "మీ 'స' ఒరిగిపోయిందండీ" అని చెప్పి తగువు తెచ్చుకునేవాడు. ఆయనతో కలిసి బజారుకి వెళ్ళడం భార్య హైమ ఎప్పుడో మానేసింది.

తర్వాత ఫ్లెక్సులొచ్చాయి. పొద్దున్న పేరు చెబితే మధ్యాహ్నానికి బోర్డు చేతికొచ్చే రోజులు. చేతికింద వాళ్ళు ఒక్కొక్కళ్ళూ వేరే పనులు చూసుకున్నారు. ఆరేళ్ళ కిందట ఆయన తన షాపు షట్టరు దింపేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడని పేరేగానీ, కూర్చుంటే కదా. వంటింట్లో ఉప్పు డబ్బా, పప్పు డబ్బా, చింతపండు డబ్బా అన్నిటికీ పేర్లు రాసి, ఒక్కో అక్షరానికీ పక్కన నీడ కూడా వేశాడు.

"ఉప్పుకి నీడెందుకండీ? డబ్బాలు ముందు నాకివ్వండి, కూర పొయ్యి మీదుంది" అంది హైమ.

ఆవిడ ఎంత విసుక్కున్నా లోపల బాధే. పనిపోయినందుకు ఆయన ఏడవలేదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, చెప్పుల దాకా వెళ్ళి, ఎక్కడికెళ్ళాలో తెలియక వెనక్కి వచ్చేవాడు. అది చూడలేకపోయేది ఆవిడ.

అలాంటి రోజుల్లో సరళ వచ్చింది. సరళ వైకుంఠరావు చెల్లెలి కూతురు, పొడంపేట బళ్ళో మూడో తరగతి టీచరు. గంజాం దగ్గర, ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట, పొడంపేట జాలర్ల ఊరు. పాత ఊరుని సముద్రం ఏటా కాస్త కాస్త తినేస్తూ రాగా, జనం లోపలికి జరిగి కొత్త కాలనీలో ఇళ్ళు కట్టుకున్నారు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది ఒడియా.

"మావయ్యా, శనివారాలు పిల్లల సేత బొమ్మలేయించండి, కథలు సెప్పించండని పైనుంచి కాయితం వొచ్చింది. మా బళ్ళో బ్రష్షు పట్టినోళ్ళు ఒక్కలూ లేరు. నువ్వు రాకూడదూ?" అంది.

"నాకు అక్షరాలొచ్చు గానీ, పిల్లలు రారే" అన్నాడు వైకుంఠరావు.

అన్నాడేగానీ, ఆ శనివారం తెల్లారేసరికి స్నానం అయిపోయింది. పాత బ్రష్షులు కడిగి, తుడిచి, సైజు వారీగా గుడ్డలో చుట్టాడు. హైమ కట్టిచ్చిన ఇడ్లీ పొట్లం సంచిలో వేసుకుని బస్సెక్కి, హైవే మీద దిగాడు. అక్కడినుంచి సరళ స్కూటీ మీద బడికి.

నలభై మంది పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు. ఆయన గొంతు సవరించుకుని, "ఏటర్రా, భోంచేసొచ్చారా?" అన్నాడు. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న రింకి, తొమ్మిదేళ్ళ పిల్ల, పక్కపిల్ల చెవిలో చెప్పాననుకుని గదంతా వినపడేలా "ఈ సారు మన్లాగే మాటాడతన్నాడే!" అంది.

ఆ ఒక్కమాటకి వైకుంఠరావు పడిపోయాడు. వారమంతా శనివారం కోసం చూడడం మొదలుపెట్టాడు. హైమకి రోజూ ఎవరెవరు ఏమన్నారో చెప్పేవాడు. డబ్బాల జోలికి పోవడం మానేశాడు. తనకోసం ఎక్కడో నలభై మంది ఎదురు చూస్తున్నారన్న సంగతి ఆయన నడకలో కూడా తెలిసేది. ఆ శనివారాలు పోతే మళ్ళీ చెప్పుల దాకా వెళ్ళి వెనక్కి రావాల్సిందేనని ఆయనకి తెలుసు, హైమకీ తెలుసు.

నేర్పడం మాత్రం తనకి తెలిసిన పద్ధతిలోనే నేర్పాడు. వేరే పద్ధతి ఆయనకేం తెలుసు? శుక్రవారం ఇంట్లో కూర్చుని నలభై కాగితాల మీద నలభై తాబేళ్ళు గీసేవాడు. గుడ్లు పెట్టడానికి ఆ ఒడ్డుకి తాబేళ్ళు వస్తాయి కదా, పిల్లలకి తెలిసిన జీవి. ఒక వారం తాబేలు, ఒక వారం పడవ, ఒక వారం కొబ్బరిచెట్టు. పిల్లలు రంగు నింపాలి. గీత దాటకూడదు. కథ కూడా తనే చెప్పేవాడు. 'ఒక తాబేలు ఒడ్డుకి వచ్చెను' అని బోర్డు మీద అందంగా రాస్తే, పిల్లలు అది చూసి కాగితం కింద దింపేవాళ్ళు. రెండు నెలలయ్యేసరికి ఒక్క పిల్ల చెయ్యీ గీత దాటడం లేదు. నాలుగేళ్ళకి కూడా తన చేతికిందివాళ్ళకి రాని చెయ్యి ఈ పిల్లలకి రెండు నెలల్లో వచ్చేసిందని ఆయన బస్సులో పక్కవాడితో కూడా చెప్పాడు. పక్కవాడు అడగకపోయినా సరే.

రెండు నెలల తర్వాత తల్లుల్ని పిలిచి బొమ్మలు చూపించాలన్నారు పెద్ద దిది. హెడ్‌మిస్ట్రెస్‌ని పిల్లలు అలా పిలుస్తారు. గది పొడుగునా తాళ్ళు కట్టి నలభై తాబేళ్ళు వేలాడదీశారు. వైకుంఠరావు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. తల్లులు వచ్చారు, వాళ్ళకంటే ముందు జగ్గమ్మ వచ్చింది. జగ్గమ్మ రింకికి నానమ్మ. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఛత్రపురం దాకా అమ్మొచ్చిన మనిషి. కాలనీలో ఆవిడ ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ.

"ఏదే నీ బొమ్మ?" అంది జగ్గమ్మ.

రింకి తలెత్తి ఒక వరస చూసింది. "ఇది" అంది. ఇంకో వరస చూసి, "కాదు, అది" అంది. కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి ఒక్కో కాగితం తిప్పి వెనకాల తన రోల్ నంబరు ఉందేమోనని వెతకడం మొదలుపెట్టింది. మిగతా పిల్లలూ అదే పని చేశారు. గదిలో నలభై మంది పిల్లలు నలభై కాగితాల వెనక వైపు చూస్తున్నారు. ఒక్క తల్లికీ తన బిడ్డ బొమ్మ ఏదో తెలియలేదు.

జగ్గమ్మ వైకుంఠరావు దగ్గరికి వచ్చింది. కోపంగా కూడా రాలేదు.

"బాబూ, తాబేలు బాగున్నాది. నలభయ్యీ బాగున్నాయి. నువ్వు బాగా ఏసినావు. మరి మా గుంటలేటి సేసినారు?"

"రంగులేశారమ్మా."

"రంగెయ్యాలంటే మా ఇంటికాడ పడవున్నాది గదా. దానికే ఏస్తాది. శనివారం ఎండుసేపలు తిరగెయ్యడానికి సేతులు సాలక సస్తన్నాం. ఇంక మా గుంటని నా కాడే ఉంచుకుంతాను."

మిగతా తల్లులు తలూపారు. పెద్ద దిది తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కలిపి బతిమాలారు. ఇంకో రెండు శనివారాలు పంపండి, మొదటి వారం పిల్లలు గీస్తారు, రెండో వారం మీరొచ్చి చూడండి, అప్పటికీ వద్దంటే ఆపేద్దాం అన్నారు. చివరికి జగ్గమ్మ సరేనంది.

బస్సులో వైకుంఠరావు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఈసారి పక్కవాడితో మాట్లాడలేదు. ఇంటికొచ్చి చొక్కా విసిరేసి, "చేపలమ్ముకునే మనిషికి బొమ్మ సంగతేం తెలుసు!" అన్నాడు. జరిగిందంతా చెప్పాడు.

హైమ వింది. "మరి ఆవిడడిగిందాంట్లో తప్పేటుంది?" అంది.

ఆయన అన్నం తినకుండా పడుకున్నాడు. పొద్దున్నే లేచి, సరే, గీత లేకుండా గీయించాలి, అంతే కదా, ముందు నేను ఒకటి గీసి చూస్తాను అనుకున్నాడు. వరండాలో చాప వేసుకుని, తెల్ల కాగితం ముందు పెట్టుకుని, పెన్సిలు చెక్కాడు. ఏం గీయాలి? ఇది గీయండి అని చెప్పేవాళ్ళు లేరు. పేరు లేదు, రంగు లేదు, కొలత లేదు. గంట గడిచింది. హైమ కాఫీ పట్టుకొచ్చేసరికి కాగితానికి నాలుగువైపులా అరంగుళం మార్జిను గీసి ఉంది. లోపల ఖాళీ.

"మార్జిను బాగా వొచ్చింది" అంది హైమ.

ఆయన నవ్వలేదు. నలభై ఏళ్ళలో ఎవరూ అడగని బొమ్మ ఒక్కటి కూడా గీయలేదని అప్పుడు తెలిసింది ఆయనకి. మాట కొట్టువాడిది, రంగు కొట్టువాడు చెప్పినది, చెయ్యి మాత్రం తనది. ఆ చేతినే పట్టుకుని ఇంత గర్వపడ్డాడు. తనకి ఇప్పుడు వేసిన భయమే ఆ పిల్లలకి కూడా నేర్పుతున్నానా అనుకున్నాడు. జగ్గమ్మ మీద కోపం పోయింది.

శనివారం ఒట్టి కాగితాలు పంచాడు. పిల్లలు ముందు ఒకవైపు చూశారు, తర్వాత తిప్పి చూశారు.

"సార్, గీత ఏదీ?" అంది రింకి.

"ఈవేళ లేదమ్మా. నేను ఇంటికాడ గీద్దామని కూర్చున్నాను. నాకూ రాలేదు" అన్నాడు వైకుంఠరావు.

సారుకి రాలేదంటే పిల్లలు నమ్మలేదు. పైగా భయపడ్డారు కూడా. ఒకడు పక్కవాడి కాగితంలోకి తొంగి చూశాడు, అక్కడా ఏమీ లేదు. గోడ దగ్గర నిలబడ్డ సరళకి ఆందోళన మొదలైంది. వైకుంఠరావు కుర్చీ పక్కకి తోసేసి పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాడు. ఏం చెయ్యాలో ఆయనకీ తెలియదు.

"సరే, బొమ్మ తరవాత. ముందు మీలో ఎవరైనా నాకో కబురు సెప్పండి. మొన్న మీ ఇంటికాడ ఏటయ్యిందో అది సెప్పండి."

రింకి మోకాళ్ళ మీద లేచింది.

"సార్, మా నాన్న వల మొన్న మా పాతింటికి తగులుకున్నాది."

"ఏ పాతిల్లు?"

"నీటడుగునున్నాది గదా సార్, అది. నాను పుట్టకముందే ములిగిపోనాది. నాన్న వల లాగితే రానేదంట. ఏటా అని సూస్తే మాయింటి గోడ! అమ్మతో ఏటన్నాడంటే, మనిల్లు వల ఒగ్గట్లేదే, ఇంటికి రమ్మంతన్నాది గావాల, అన్నాడు. అమ్మ నవ్వింది. నానమ్మ నవ్వనేదు."

అంతే, గదిలో కట్ట తెగింది. మా ఇల్లయితే ఇంకా లోపలికున్నాది అని ఒకడు. మా అరుగు మీద పీతలుంటాయంట అని ఒకతె. మా నూతిలో తాబేలు గుడ్లెట్టిందంట అని ఇంకొకడు. అది అబద్ధమని అందరికీ తెలుసు, ఎవరూ కాదనలేదు. ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు, నిలబడి, చేతులూపుతూ చెబుతున్నారు. ఇన్నాళ్ళూ తన తరగతిలో "ప్రెజెంట్ దిది" తప్ప మరో మాట అనని పిల్లలు ఇంతసేపు మాట్లాడడం సరళ ఎప్పుడూ వినలేదు. ఒడియాలో తాను అడిగిన ప్రశ్నలన్నీ గుర్తొచ్చి ఆవిడ కళ్ళు చెమర్చాయి. "మావయ్యా, ఆపకు" అంది మెల్లిగా.

ఆయన ఆపలేదు. మాటలు వాటంతటవే సన్నగిల్లి, పిల్లలే కాగితాల మీదకి వంగారు. గదిలో రంగు డబ్బాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇక అక్కడినుంచి వైకుంఠరావు పడ్డ పాట్లు చూడాలి. గోడలు వంకర, తలుపులు వంకర, పడవ కంటే చేప పెద్దది. చెయ్యి సుద్దముక్క కోసం లాగేస్తోంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. అయినా ఒక పిల్లవాడి కాగితం మీద కన్ను పడి ఆగలేక, "ఒరే, నీ ఇల్లు ఒరిగిపోయిందిరా" అన్నాడు.

వాడు తల కూడా ఎత్తలేదు. "నీటిలో ఉన్నాది గదా సార్, ఒరగదేటి?"

వైకుంఠరావు పకపకా నవ్వాడు. షట్టరు దింపిన నాటినుంచి ఆయన అలా నవ్వలేదు. ఒరిగిపోయిన 'స' గురించి తగువులాడిన కొట్లన్నిటికీ వెళ్ళి క్షమాపణ చెప్పి రావాలనిపించింది. బయటికి మాత్రం, "అవున్రా, నిజమే" అన్నాడు.

పై వారం తల్లులు వచ్చారు. ఈసారి తాళ్ళు లేవు, రింకి నాన్న కొండబాబు ఇచ్చిన పాత వల ముక్క గోడకి కట్టి, బొమ్మలు దానికి తగిలించారు. అతను కూడా బొమ్మ చూడాలని వేట మానుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వైకుంఠరావు మామూలు చొక్కాలోనే వచ్చాడు. మొదటిసారి చూపించింది తన పని, ఇది తన పని కాదు. అందుకే ఇంత భయంగా ఉందేమో అనుకున్నాడు. వద్దంటే ఈవేళే ఆఖరి బస్సు.

ఎవరూ ఎవరినీ అడగలేదు. "ఇది మావోడిది, నీలం తలుపు మాదే." "ఓలమ్మో, మా ఎర్రమేకని సముద్రంలో ఎట్టేసినాది సూడు!" తల్లులు తిన్నగా తమ తమ కాగితాల దగ్గరికి వెళ్ళి నిలబడిపోయారు. ఒకావిడ నవ్వుతోంది, ఇంకొకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జగ్గమ్మ రింకి బొమ్మ ముందు ఆగింది. నీళ్ళడుగున ఇల్లు, గోడకి చిక్కుకున్న వల, పైన పడవలో కొండబాబు. వంటింట్లో కట్టెల పొయ్యి, దాని చుట్టూ తిరుగుతున్న చేపలు. జగ్గమ్మ చాలాసేపు చూసింది. సరళ వైకుంఠరావు వంక చూసింది. ఆయన నేల వంక చూస్తున్నాడు.

"పొయ్యి అక్కడ కాదే" అంది జగ్గమ్మ చివరికి.

"మరెక్కడే?" అంది రింకి.

"ఈ మూల. తూరుపు మూల. మీ నాన్న పుట్టినప్పుడు నాను అక్కడే నీలు కాసుకున్నాను." వేలితో చూపించబోయి ఆగింది. చుట్టూ చూసింది. కింద డబ్బాలో ఉన్న బ్రష్షు తీసింది. చేపల కత్తి పట్టినట్టు పిడికిలితో పట్టుకుంది. ఎరుపులో ముంచి, గోడ మూల ఒక్క మరక పెట్టింది. రంగు గోడ గీత దాటి బయటికి పాకింది. వైకుంఠరావు చూస్తూ నిలబడ్డాడు, ఆయన చేతులు కదల్లేదు. ఈ మనిషి ఆ రోజు ఆ మాట అని ఉండకపోతే తన బతుకంతా మార్జిన్ల మధ్యే అయిపోయేది అనుకున్నాడు. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇక్కడ పొయ్యి. దాని పక్కన నీలకుండ. ఇటు మీ తాత కూకునే అరుగు..." జగ్గమ్మ బ్రష్షు కాగితం అంచు దాకా వెళ్ళి ఆగింది. "సాలదే, కాయితం సాలదు." వెనక నుంచి మరో ముసలావిడ, "అరుగు పక్కన మాయింటి దడి, అది మర్సిపోనావేటి?" అంది. ఇద్దరు ముగ్గురు ముందుకి జరిగారు.

జగ్గమ్మ బ్రష్షు కిందపెట్టకుండానే వైకుంఠరావు వైపు తిరిగింది.

"పై శనివారం ఏ టైముకొస్తావు బాబూ?"

"తొమ్మిదికమ్మా" అన్నాడు.

"తొమ్మిదికి మాకు సేపలు తిరగేసే పనుంతాది. ఎనిమిదికి రా. పెద్ద కాయితాలట్టుకురా."

వైకుంఠరావు రెండు చేతులూ జోడించాడు. కళ్ళు నిండిపోయాయి, దాచుకోలేదు.

"ఎనిమిదికే వస్తానమ్మా" అన్నాడు.